ప్రస్థానం పెట్టాక

గురక ఆగింది. హరిచందన కళ్ళు తెరవకుండానే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అనేసరికి మావయ్యగారు పడుకున్న ముందుగదిలోంచి మళ్ళీ గర్రుమని వచ్చింది, అప్పుడుగాని ఆమె తన ఊపిరి వదల్లేదు. మధ్యాహ్నం మూడు దాటి ఏడు నిమిషాలు. ప్రయాణం ఉన్న రోజున భోజనాలయ్యాక అందరూ ఓ గంట నడుం వాల్చి తీరాలన్నది ఈ ఇంటి ఆనవాయితీ. పెట్టింది మావయ్యగారు, లక్ష్మీనరసింహం మాస్టారు. ముప్పై ఆరేళ్ళు బరంపురం తెలుగు బళ్ళో గంట కొట్టించిన మనిషి కనక ఇంట్లో నిద్రకీ గంట కొట్టిస్తారు. నాలుగింటికి లేవాలి, ఐదింటికి ఆటో, ఆరున్నరకి బండి, తెల్లారాక హైదరాబాదు, అక్కణ్ణించి థీమ్ పార్కు, మూడు రోజులు. చాప మీద తన పక్కన ఎనిమిదేళ్ళ అన్విత, బావగారి కూతురు, కొత్త బూట్లు విప్పనని మొండికేసి బూట్లతోనే పడుకుంది. వంటింటి గుమ్మం దగ్గర అత్తయ్య మాణిక్యాంబ గోడవైపు తిరిగి పడుకున్నారు. బావగారు ప్రద్యుమ్న, తోటికోడలు లక్ష్మీప్రసన్న నీళ్ళ ఆటల్లో వేసుకునే బట్టలకోసం బజారుకెళ్ళారు. హరిచందన భర్త సుధీంద్ర ఛత్రపురం ఆఫీసు నుంచి తిన్నగా స్టేషనుకే వస్తాడు. ఇంతమందిలో పొద్దున మెట్లమీద జరిగిన సంగతి తెలిసింది తనొక్కతెకే. చెప్పాలి. చెప్పకూడదు. ఇంకా యాభై మూడు నిమిషాలున్నాయి.

పొద్దున ఎంత సంతోషంగా ఉందని, అదే తలుచుకుంటే భయం ఇంకా పెరుగుతోంది. సాయంత్రం ఐదింటికి వర్జ్యం. వర్జ్యంలో గడప దాటకూడదు, దాటకపోతే బండి అందదు. దానికి ఈ ఇంట్లో ఓ ఉపాయం ఉంది. మంచి ఘడియ ఉన్న వేళకే బట్టల సంచీ ఒకటి తీసుకెళ్ళి పొరుగింట్లో పెట్టేస్తే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క, సాయంత్రం పోతూ పోతూ ఆ సంచీ అందుకుంటే చాలు. ప్రస్థానం పెట్టడమంటారు దీన్ని. రంభ అనే ఊళ్ళో పోస్టుమాస్టరు కూతురిగా పెరిగి, బరంపురంలో బీయస్సీ చదివిన హరిచందన దీన్ని వినడమే తప్ప చూడలేదు. పంచాంగాన్ని ఇంత మర్యాదగా మోసం చెయ్యొచ్చా అని నవ్వాపుకోలేకపోయింది. "మా నాన్న యముణ్ణయినా టోకెన్ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెడతారు" అన్నాడు సుధీంద్ర, పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతో. అప్పుడు అదెంత నవ్వు తెప్పించిందో. ఇప్పుడు ఆ బెంచీ ఎక్కడుందో, దాని మీద ఎవరు కూర్చున్నారో అన్నట్టు ఒళ్ళు జలదరిస్తోంది. తొమ్మిదీ పదికి బయల్దేరారు, సంచీ మావయ్యగారి చేతిలో, పసుపు కుంకాల పళ్ళెం తన చేతిలో. కొత్తకోడలు తోడు రావాలన్నారు. సంచీ నేను పట్టుకుంటాను మావయ్యగారూ అంటే "పెద్దవాడి సేత్తోనే ఎల్లాలమ్మా, లేకపోతే అది ప్రస్థానం కాదు, కొరియరు" అన్నారు. ఎదురింటి మేడమీద పూర్ణచంద్ర బాబు, ఆయన ఒడియా, ఈయన తెలుగు, ముప్పై ఏళ్ళుగా ఒకరి భాషలో ఒకరు వేళాకోళమాడుకుంటారు. "చింతా కరంతు నాహిఁ, దిగులొద్దు మాస్టారూ, మీ సంచీ నా పానంతో సమానం, నేనే తీసుకుని హైదరాబాదు ఎల్లిపోతాను" అని ఆయన నవ్వుతుంటే ఆ ఇంట్లో వేయించిన జీలకర్ర వాసన, కిటికీలో మార్గశిరపు ఎండ, తన చేతినిండా ఇంకా అరగని పెళ్ళిగాజులు, హరిచందనకి తను ఏదో బొమ్మలపుస్తకంలో ఉన్నట్టనిపించింది. ఇంత చిన్న వాటికి ఇంత సంతోషం పడితే దిష్టి తగులుతుందని అమ్మ అనేది.

మెట్లు దిగుతున్నప్పుడు. పద్దెనిమిది మెట్లు, ఎక్కేటప్పుడు లెక్కపెట్టింది, కొత్త ఇళ్ళలో మెట్లు లెక్కపెట్టడం ఆమెకి సరదా. నిన్న గురువారం లక్ష్మీపూజకని ఆ ఇంటివాళ్ళు మెట్టుమెట్టుకీ బియ్యప్పిండితో చిన్న చిన్న అడుగులు వేశారు. వాటిని తొక్కకుండా ఓరగా దిగుతూ వెనక్కి చూస్తే మావయ్యగారు లేరు. ఉన్నారు. కూర్చున్నారు. లక్ష్మీదేవి అడుగుల మీదే కూర్చున్నారు, అదే ముందు వింతగా తోచింది, ఇంత ఆచారం మనిషి చూసుకోకుండా కూర్చున్నారేమిటని. ఆ తరవాత ముఖం చూసింది. ఈ చలిలో కణతల మీంచి చెమట, ధారలుగా. కుడిచేత్తో ఎడమ జబ్బ పిసుక్కుంటున్నారు. పెదవులు పిండిరంగుకి తిరిగాయి. "మావయ్యగారూ" అంటూ రెండు మెట్లు పైకెక్కింది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు, బళ్ళో పిల్లల్ని ఆపినట్టు. ఎంతసేపు? రెండు నిమిషాలో, పదో. పైన పూర్ణచంద్ర బాబు రేడియోలో ఒడియా పాట పూర్తిగా అయిపోయి ఇంకోటి మొదలైంది. "ఏట్లేదమ్మా. గేసు. రాత్రి ఆ సెనగలు తిన్నాను కదా." లేచారు. గోడ పట్టుకుని నిలబడి పంచె దులుపుకున్నారు. "సూడమ్మా, ఇంట్లో సెప్పకు. మీ అత్తయ్యకి అసలే కంగారు. సుధీకి కూడా ఒద్దు. అన్విత ఈ పార్కు కోసం ఇప్పటికే రెండుసార్లు ఏడిసింది, మూడోసారి నావల్ల ఏడిస్తే నేను సూడలేను. నీకొక్కదానికే సెప్తున్నాను. సదువుకున్నదానివి, అరదం సేసుకుంటావని." చెయ్యి చాపారు. ఆమె తన అరచెయ్యి అందులో పెట్టింది. చల్లగా, తడిగా, నదిలోంచి తీసిన రాయిలా ఉందా చెయ్యి.

అన్నిటికన్నా సిగ్గుగా ఉన్నదేమిటంటే, ఆ క్షణంలో ఆమెకి గర్వం కలిగింది. నీకొక్కదానికే. నాలుగు నెలల కింద వచ్చిన పిల్లని, ఇంకా ఉప్పుడబ్బా ఏదో పప్పుడబ్బా ఏదో తడుముకుంటున్న పిల్లని, ఈ ఇంటి పెద్ద నమ్మి ఒక మాట చేతిలో పెట్టారు. రోడ్డు దాటి ఇంట్లోకి వచ్చేదాకా ఆ గర్వమే ఉంది. అత్తయ్య "ఏటమ్మా ఇంతసేపు, టీ ఇచ్చాడా ఆ పూర్ణచంద్రం?" అనడిగితే "ఇచ్చారత్తయ్యా" అంది, గడుసుగా, నవ్వుతూ కూడా. నవ్వింది. తరవాత అప్పడాలు డబ్బాలో సర్దుతుంటే, హైదరాబాదులో బంధువులకి బరంపురం అప్పడాలు తీసుకెళ్ళకపోతే గుమ్మం తొక్కనివ్వరట, ఆ అప్పడాలు లెక్కపెడుతూ లెక్కపెడుతూ దాలయ్య గుర్తొచ్చి చేతులు ఆగిపోయాయి.

దాలయ్య రంభలో పడవ నడిపేవాడు. ఆమెకి తొమ్మిదేళ్ళు. చిలికా ఒడ్డున పోస్టాఫీసు వెనక రేవులో ప్రతి పొద్దునా అతనితో కబుర్లు చెప్పాకే బడికెళ్ళేది, ఏ పిట్ట ఎక్కణ్ణించొచ్చిందో అన్నీ అబద్ధాలు చెప్పేవాడు, అది రష్యా పిట్ట, దానికి పాస్‌పోర్టుంది పాపా అని. ఆ రోజు మాట్లాడలేదు. పడవ అంచు మీద కూర్చుని రొమ్ము రుద్దుకుంటున్నాడు. "పాపా, పరిగెట్టెల్లి సోడా తే, గేసు పట్టేసింది." పరిగెట్టింది. తెచ్చింది. గటగటా తాగి, తేన్చి, "సూసినావా, పోయింది" అని కన్ను గీటి పడవ తోసుకుని వలల దగ్గరికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం బడి వదిలేసరికి ఇంకో పడవ అతని పడవని కట్టుకుని లాక్కొస్తోంది. రేవులో ఆడవాళ్ళు ఒక్కటే మాట, పొద్దున ఎవరైనా సూసుంటే, ఒక్కడైనా సూసుంటే ఎల్లనిద్దుమా అని. చూసింది తను. సోడా తెచ్చింది తను. ఎవరికీ చెప్పలేదు, అడగలేదు కాబట్టి, తొమ్మిదేళ్ళ పిల్లని ఎవరడుగుతారు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బీయస్సీ. జీవశాస్త్రంలో గుండె బొమ్మ గీస్తే లెక్చరరుగారు క్లాసంతటికీ చూపించారు, నాలుగు గదులూ ఎర్ర పెన్సిలూ నీలం పెన్సిలూ. చెమటా, జబ్బ లాగడమూ గ్యాసు కాదని ఆమెకి తెలుసు. గ్యాసేమో అని కూడా అనిపిస్తోంది. సెనగలు తిన్నమాట నిజమే. ఆయన మళ్ళీ ఏమీ లేనట్టే తిరిగారు, భోజనంలో మజ్జిగ రెండుసార్లు వేయించుకున్నారు, అన్వితని ఏడిపించారు. అంత మామూలుగా ఉన్న మనిషి గురించి ఏమని చెప్పడం?

గురక. ఒకటి, రెండు, మూడు. వచ్చింది.

అన్విత నిద్రలో కాలు విసిరింది, బూటు వచ్చి హరిచందన పిక్కకి తగిలింది. పాపం ఈ పిల్ల. మొదటిసారి వేసవిలో, టిక్కెట్లు తీశాక ఒంటినిండా అమ్మవారు పోసింది. రెండోసారి అక్టోబరులో, అన్నీ సర్దాక తుఫాను, బళ్ళన్నీ రద్దు. అప్పుడు సర్దిన సూట్‌కేసు మీద కూర్చుని రెండు గంటలు దిగలేదు, సముద్రాన్ని తిట్టింది, గోపాల్‌పూర్ వెళ్ళి దాన్ని కొడతానంది. తాతా మనవరాలూ కలిసి ఎక్కవలసిన వాటి జాబితా రాసి గోడకి అంటించారు. మాస్టారి గుండ్రటి చాక్‌పీసు రాత, పక్కన అన్విత బొమ్మలు, పెద్ద రాట్నం, పడవ ఊయల, గుహలో రైలు. ప్రతి దానికీ ఎదురుగా తాత, నేను, తాత, నేను. పార్కువాళ్ళ కాయితం కూడా అంటించారు, అందులో అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు ఎక్కరాదు. పొద్దుట్నుంచి ఆ వాక్యం ముందు నుంచి వెళ్ళకుండా తిరుగుతోంది, వంటింట్లోకి పెరటిదారిన పోయి వస్తోంది.

పిల్లకోసం చెప్పడంలేదా నిజంగా? తన కోసం కాదూ? పెళ్ళయ్యాక ఎక్కడికీ వెళ్ళలేదు వాళ్ళిద్దరూ. సుధీంద్రకి సెలవు లేదు, సెలవుంటే డబ్బు లేదు, రెండూ ఉంటే చుట్టాలు. తప్తపాణికి ఒకపూట, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, అత్తయ్య మధ్యలో. ఈ పార్కే వాళ్ళ హనీమూను, ఇంకో ఐదుగురితో కలిసి. "పెద్ద రాట్నం పైకెళ్ళాక మన తొట్టిలో మనిద్దరమే, అక్కడికి మా అమ్మ కూడా రాలేదు" అన్నాడు నిన్న రాత్రి, చెవిలో. ఆ మాట ఇవాళ పొద్దున కాఫీలో, స్నానంలో, తలదువ్వుకోవడంలో, అన్నిటిలో ఉంది, బుగ్గలో పెట్టుకున్న పటికబెల్లంలా. పైన గాలి. కింద చీమల్లాంటి జనం. తొట్టి ఊగుతుంది. అతను చెయ్యి పట్టుకుంటాడు. కింద చీమల్లో ఒక చీమ కూర్చుండిపోయింది, చుట్టూ మిగతా చీమలు మూగుతున్నాయి, రాట్నం ఆగదు, తను పైనే ఉంది, దిగలేదు. హరిచందన చప్పున కళ్ళు తెరిచింది. అబ్బే, నిద్ర పట్టలేదు, పట్టలేదు. గురక? ఉంది. రాత్రి రైల్లో అయితే? ఆయనది పై బెర్తు, నేనెక్కుతాను నాకేం అని పై బెర్తే అడిగి తీయించుకున్నారు. పలాస దాటాక, విశాఖ దాటాక, చీకట్లో, అందరూ నిద్రపోతుంటే, రైలు చప్పుడులో గురక ఆగినా ఎవరికి వినిపిస్తుంది?

ఫోను తీసింది. సుధీకి. మావయ్యగారికి పొద్దున, అని రాసింది. చెరిపింది. నాకు భయంగా ఉంది, అని రాసింది. అది చూసి అతను గుండె బొమ్మ పంపుతాడు, రాట్నమంటే భయమనుకుని. చెరిపింది. ఒట్టు కాదు అది, ఒట్టంటే నెత్తి మీద చెయ్యి పెట్టాలి. అరచేతిలో అరచెయ్యి ఒట్టా? అలా న్యాయం వెతుక్కోవడం కూడా సిగ్గే. పైగా ప్రస్థానం పెట్టేశారు. ప్రయాణం ఆపేస్తే ఎలా అత్తయ్యా అని ముందే మాటవరసకి అడిగింది, నిన్న, సరదాగా. "అమ్మో, ఆ మాటనకు. పెట్టిన సంచీ ఎల్లకుండా ఎనక్కొస్తే ఆ ఇంట్లో పెద్దోళ్ళకి..." అని అత్తయ్య ఆపేసి మూడుసార్లు తూ తూ అన్నారు. ఇప్పుడు తను నోరు విప్పితే సంచీ వెనక్కి రావాలి. ఆ తరవాత ఆయనకేమైనా అయితే కొత్తకోడలు ప్రస్థానం చెరిపింది కాబట్టి. విప్పకపోతే ఆయనకేమైనా అయితే కొత్తకోడలికి తెలిసి చెప్పలేదు కాబట్టి. ఎటు తిరిగినా గోడే, ఆ గోడ మీద తన పేరే.

అప్పుడొచ్చిందా ఆలోచన, ఎంత తెలివిగా, ఎంత మెత్తగా వచ్చిందో. ఒక్క అబద్ధం. అత్తయ్యా, నాకు నెల తప్పింది. అంతే. ప్రయాణం ఆ క్షణంలో ఆగిపోతుంది, రైలు కుదుపులు, రాట్నాలు, వద్దే వద్దు. ప్రస్థానం దోషం కూడా ఉండదు, ఇంతకన్నా శుభముందా. అన్వితకి తమ్ముడో చెల్లో అంటే ఏడుపు ఆపుతుంది. మాట తప్పినట్టూ కాదు. ఓ వారం తరవాత, లేదు అత్తయ్యా, పొరపాటు పడ్డాను అనొచ్చు. రోజూ పొద్దున తను స్నానానికెళ్ళే వేళకి అత్తయ్య చూసే ఓరచూపు, ఆ చూపుకి ఇంత మేత వేస్తే చాలు. హరిచందన ఆ మాట పెదవుల మీద ఒకసారి ఆడించి చూసుకుంది, చప్పుడు లేకుండా. బాగానే పలుకుతోంది. ఆ తరవాత ఇల్లంతా నవ్వులు, మావయ్యగారు చొక్కా వేసుకుని మిఠాయి దుకాణానికి బయల్దేరతారు, రెండు కేజీల పొట్లం మోసుకుంటూ, వీధంతా పంచుతారు, ముందుగా పూర్ణచంద్ర బాబుకి. పద్దెనిమిది మెట్లు ఎక్కి. అబద్ధం రైలుని ఆపుతుంది. మెట్లమీద కూర్చున్న దాన్ని ఆపదు. అది ఈ ఇంట్లోనే కూర్చుని ఉంటుంది, ఎల్లుండికీ, ఆ మరునాటికీ, అందరూ కడుపులో పాప గురించి మాట్లాడుకుంటుంటే.

గురక ఆగింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. చాప మీంచి ఎప్పుడు లేచిందో తెలియదు, గాజులు చప్పుడు కాకుండా మోచేతికి తోసుకుందని మాత్రం తెలుసు. తెర తప్పించింది. లక్ష్మీనరసింహంగారు మేలుకునే ఉన్నారు. దిండు నిలబెట్టుకుని, దానికి ఆనుకుని, శాలువా గడ్డందాకా లాక్కుని పైకప్పు చూస్తున్నారు. ఆమెని చూడగానే ముఖం మీదికి నవ్వు తెచ్చుకున్నారు. తెచ్చుకోవడం కనిపించింది, బరువైనదాన్ని దూరం నుంచి మోసుకొచ్చినట్టు. "పడుకోలేదా అమ్మా? నాలుగవలేదు ఇంకా." మీరెందుకు కూర్చున్నారు మావయ్యగారూ అంటే, పడుకుంటే ఆయాసంగా ఉందమ్మా అన్నారు, ఆ వెంటనే "సెనగలు" అన్నారు. ఆ సెనగలు అన్న మాటకి హరిచందనకి ఏడుపొచ్చింది. తెర వదిలేసి వంటింట్లోకి నడిచింది, గోడమీది కాయితం ముందు నుంచే.

మాణిక్యాంబ అప్పటికే లేచి స్టవ్ వెలిగించారు. "నువ్వూ పడుకోలేదేటి? కొత్త రైలు కాదు, కొత్త మొగుడు కదా, నిద్దరెలా వస్తాది" అని నవ్వి కాఫీకి నీళ్ళు పెట్టారు. హరిచందన గుమ్మం పట్టుకుంది. చెబితే ఇంక ఈ నవ్వు ఉండదు. రాట్నం ఉండదు. "అత్తయ్యా, పొద్దున ప్రస్థానం పెట్టి వస్తుంటే మావయ్యగారు మెట్లమీద కూర్చుండిపోయారు. చెమటలు పట్టేశాయి. ఎడంచెయ్యి లాగింది. గ్యాసన్నారు. కాదత్తయ్యా. నాకొక్కదానికే చెప్తున్నానన్నారు, ఎవరికీ చెప్పొద్దన్నారు. చెప్తున్నాను."

మాణిక్యాంబ వెనక్కి తిరగలేదు. గిన్నెలో నీళ్ళు కాగడం మొదలైంది. స్టవ్‌కే చెబుతున్నట్టుగా అన్నారు, "నీకూ అలాగే అన్నారా? మంగళారం స్నానాలగదిలో కూలబడిపోయారు. తలుపు నేనే తీసేను. నా సేతిలో సెయ్యేసి, మాణిక్యం, నీకొక్కదానికే, పిల్ల పార్కు సూసొచ్చాక డాట్రు దగ్గరికెళ్దాం, అన్నారు. నాలుగు రోజుల్నించి నాకు నిద్దర లేదే. ఆయన గురకకి లెక్కెట్టుకుంటూ పడుకుంటన్నాను."

హరిచందన ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరు. పొద్దున్నుంచి తను భయపడింది ఒక్క పొద్దుటికి. ఇప్పుడు మంగళవారం వచ్చి దాని పక్కన నిలబడింది. అప్పుడే వెనకాల బూట్ల చప్పుడు. అన్విత, చెదిరిన జుట్టుతో, నీళ్ళ సీసా చంకలో పెట్టుకుని. ఎప్పట్నించి అక్కడుందో. వాళ్ళిద్దరూ తిట్టకుండానే ఏడుపు ముఖం పెట్టింది.

"పిన్నీ, నాకూ సెప్పాడు తాత. బళ్ళోంచి వస్తుంటే కిళ్ళీకొట్టు కాడ కింద కూకుండిపోయాడు. నేను బ్యాగుతో గాలి విసిరేను. ఎవరికీ సెప్పకు, సెప్తే పార్కు కేన్సిలయిపోద్ది అన్నాడు."

"ఎప్పుడమ్మా?" అంది హరిచందన.

"రెండు సార్లు," అంది అన్విత. "మొన్నా, అంతకుముందూ."

మాణిక్యాంబ స్టవ్ కట్టేశారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ముక్క పెట్టి, ఎవరిదివాళ్ళే దాచుకునేలా చేసి, ఆ పెద్దమనిషి ఇన్నాళ్ళూ నాలుగు పిడుగుల్ని ముగ్గురి దగ్గర పాతిపెట్టారు. ఇప్పుడవి ఒకచోటికొచ్చాయి. హరిచందన చేతిలోంచి ఫోను రెండుసార్లు జారింది, అయినా ఆటో అబ్బాయికి ఐదింటికి కాదు ఇప్పుడే రమ్మని చెప్పింది, స్టేషనుకి కాదని చెప్పింది, సుధీంద్రకి ఆస్పత్రికే వచ్చెయ్యమంది, ఏ ఆస్పత్రి, ఎవరికి అని అతను అరుస్తుంటే మావయ్యగారికి అని పెట్టేసింది. ఎక్కణ్ణించి వచ్చాయో ఆ మాటలు, భయంలోంచే వచ్చాయి, భయం తగ్గలేదు, ఒక్క ఇసుమంతైనా తగ్గలేదు, అది చేతుల్లోకి కాళ్ళలోకి దిగి పని చేయిస్తోంది.

తెర తీశారు. ముందు ఆమె, వెనక అత్తయ్య, ఆ వెనక బూట్లు. లక్ష్మీనరసింహంగారు గోడ గడియారం చూసి, "ఇంకా పది నిమిషాలుంది కదా, అప్పుడే లేచేసేరేటి అందరూ?" అన్నారు. హరిచందన మంచం పక్కన నేల మీద కూర్చుంది. "మావయ్యగారూ, నేను చెప్పేశాను."

ఆయన ఆమె వంక చూశారు. కోపం కాదది, చూడలేకపోయింది. "నిన్ను నమ్మేనమ్మా" అన్నారు మెల్లగా. "ఇంట్లో ఇంకెవరికీ సెప్పలేదు, నీకు తప్ప."

"అబద్ధం తాతా," అంది అన్విత. ఏడుస్తోంది. బూట్లు తన్నుకుని తన్నుకుని విప్పేసింది. "నాకు పార్కొద్దు."

మాస్టారు మనవరాల్ని చూశారు, భార్యని చూశారు, ఆమె పైటచెంగు నోటికడ్డం పెట్టుకున్న తీరు చూశారు, మళ్ళీ హరిచందనని చూశారు. ముఖం మీది నవ్వు అక్కడే కాసేపు ఆగి, ఇంక నిలవలేక జారిపోయింది. దాని వెనకనుంచి బయటపడిన ముఖంలో తమ అందరికన్నా ఎక్కువ భయం ఉంది. శాలువా కిందనుంచి చెయ్యి తీసి, ఎవరికీ దాచకుండా, అందరి ముందూ ఛాతీ మీద పెట్టుకున్నారు.

"ఇప్పుడు కూడా వస్తోందమ్మా," అన్నారు.

బయట ఆటో ఆగింది.